ముక్కుపుడక దగ్గర ఆగిన రంపం

పడవల తనిఖీ ఉద్యోగంలో చేరబోతున్న ఇద్దరు ఇంజనీర్లు ఆ మధ్య ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చారు. "మీ అనుభవాలు చెప్పండి సార్, మాకు ఉపయోగపడతాయి" అన్నారు. అడిగినవీ అడగనివీ చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటగానే మా ఆవిడ, "మీరు అంత కోపంగా చెబితే వాళ్ళు రేపు ఉద్యోగంలో చేరతారా?" అంది. చేరితే ఆ కోపంతోనే చేరాలి. నవ్వుతూ, అందరిచేతా మంచివాడనిపించుకుంటూ చేసే ఉద్యోగం కాదిది.

అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, బదిలీ ఎక్కడికయింది, ఇవేవీ రాయను. వాటివల్ల ఏ పడవా మునగలేదు, ఏ పడవా తేలలేదు. ఒకే ఒక్క పడవ సంగతి రాస్తాను. దాని అడుగు కోసిన సంగతి.

కింద చూడు

నేను చేరిన కొత్తలో నా పై అధికారి నరసింహమూర్తి గారు. ఎప్పుడూ తెల్ల ప్యాంటే వేసుకునేవారు. ఒడ్డుకు ఎక్కించి దుంగల మీద నిలబెట్టిన పడవ దగ్గరికి రాగానే చెప్పులు విప్పి, ఆ తెల్ల ప్యాంటుతోనే బురదలో వెల్లకిలా పడుకుని కిందికి దూరేవారు. ఒక చేతిలో చిన్న సుత్తి, ఇంకో చేతిలో దబ్బనం. ప్రతి చెక్కనీ సుత్తితో తట్టి వినేవారు. మొద్దుగా పలికిన చోట దబ్బనం గుచ్చేవారు. అది వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ చెక్క పని అయిపోయినట్టే. "పైన రంగు ఎవడైనా వేస్తాడోయ్, కింద చూడు" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. ఉద్యోగమంతా దానితోనే గడిచింది.

ఆయన తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు కారు కూడా దిగేవారు కాదు. అద్దం దించి, "బాగానే ఉన్నట్టుందిగా?" అని నన్ను అడిగేవారు. పడవకి నీలం రంగు వేసి, పైన బంతిపూల దండ కట్టి రేవులో పెడితే బాగానే ఉన్నట్టుంటుంది. శవానికి కూడా స్నానం చేయించి బొట్టు పెడతారు.

మన జిల్లాల్లో ఒక మాట ఉంది, "ఏం కాదండి". ఓనర్లు అంటారు, ఆఫీసర్లు అంటారు, ఎక్కేవాళ్ళు కూడా అంటారు. పసిపిల్లని చంకనేసుకుని, లైఫ్ జాకెట్ పక్కన పడేసి, "ఒడ్డు అదిగోనండి, ఏం కాదండి" అంటారు. చివర అండి తగిలించి ఎంతో మర్యాదగా అంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. మీకూ మండాలి. మండకపోతే మీరు వేరే ఉద్యోగం చూసుకోండి.

నూకాలమ్మ పడవ

తాళ్ళరేవుకి దిగువన, గౌతమి పాయ ఒడ్డున గంగాధరం అని పడవ నడిపే సరంగు ఉండేవాడు. నేను చెప్పేది అతని తండ్రి కట్టించుకున్న సరుకు పడవ సంగతి. ఉప్పు, కొబ్బరికాయలు, ఇంటి పెంకులు మోసేది. తెరచాప మీదే నడిచేది. లారీలు ఊళ్ళలోకి వచ్చాక సరుకు తగ్గింది, తండ్రి పోయాడు, పడవ చాలాకాలం ఒడ్డున ఎండింది. కామేశ్వరరావు గారని, ఏటి పక్కన రిసార్టు పెట్టినాయన దాన్ని కొన్నాడు. బాగుచేయించి, టూరిస్టుల్ని సాయంకాలం తెరచాప మీద తిప్పుతానన్నాడు. గంగాధరాన్నే సరంగుగా పెట్టుకున్నాడు. తండ్రి చుక్కాని మళ్ళీ తన చేతికి వచ్చిందని గంగాధరం పొంగిపోయాడు.

పడవ అడుగున మధ్యలో, ముందు నుంచి వెనక దాకా ఒక పొడుగాటి దూలం ఉంటుంది. పుస్తకాల్లో కీల్ అంటారు. నేను అడుగుదూలం అంటాను. అది పడవ కిందకి పొడుచుకుని ఉంటుంది. గాలి తెరచాపని పక్కకి తోసినప్పుడు పడవ పక్కకి జారిపోకుండా నీళ్ళని పట్టుకునేది అదే. గంగాధరం పడవలో ఆ దూలం ముందు తక్కువ లోతుగా, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ లోతుగా ఉండేది. కట్టినవాళ్ళు తెలిసే అలా కట్టారు. వెనక లోతుంటే పడవ తోక అటూ ఇటూ కొట్టుకోదు, ముందు ఎటుపోతే వెనక అటే వస్తుంది.

ఆ వైపు పడవలు కట్టేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. మొట్టమొదట పరిచేది అడుగుదూలమే. పడవ ముక్కు దగ్గర నిలబెట్టే ముందు కొయ్య వచ్చి దానికి అతికే చోట చిన్న బెజ్జం పెట్టి, అందులో ఆ ఇంటి ఇల్లాలు రవ్వంత బంగారం వేస్తుంది. పసుపు ముద్దతో మూసి, దాని మీద కొయ్య బిగిస్తారు. ఆ తర్వాత అక్కడ ఇనుము తగలకూడదంటారు. అమ్మవారి చోటు అంటారు. ఈ పడవలో గంగాధరం తల్లి నూకాలమ్మ తన ముక్కుపుడక తీసి వేసిందట. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కోత

పాటు సమయంలో నీళ్ళు తగ్గితే, రిసార్టు రేవు ముందున్న ఇసుక మేటకి పడవ వెనక భాగం తగులుకునేది. కామేశ్వరరావు గారు నన్ను పిలిపించి, అడుగున జానెడు కోసేయిస్తానన్నాడు.

"పోటు ఉన్నప్పుడే తిప్పండి. లేదంటే రేవుని కాస్త దిగువకి జరపండి" అన్నాను.

"టూరిస్టులు పోటూ పాటూ చూసుకుని వస్తారా అండి? రేవు అక్కడే బాగుంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. చిన్న పనే కదండీ, ఓ జానెడు."

చిన్న పనట. కుర్చీకి కాళ్ళు ఎక్కువయ్యాయి, కాస్త కోద్దాం అన్నట్టు మాట్లాడాడు. పాత పడవ అడుగు కోయడం నేరమేమీ కాదు. పద్ధతి ప్రకారం కోస్తే కోయవచ్చు. నేను కూర్చుని బొమ్మ గీసి ఇచ్చాను. ముందు నుంచి వెనక దాకా అంతటా ఒకే మందం కోయాలి. అప్పుడు ముందు తక్కువ, వెనక ఎక్కువ అన్న వాటం చెడదు. పోయిన బరువుకి బదులుగా కింద పొడుగునా ఇనప పట్టీ బిగించాలి. బొమ్మ ఇచ్చి, అందరినీ కూర్చోబెట్టి నోటితో కూడా చెప్పాను. కామేశ్వరరావు గారు తల ఊపాడు. కోత పని ఒప్పుకున్న సూరన్న మేస్త్రీ తల ఊపాడు. గంగాధరమూ ఊపాడు.

పని అయిపోయిందని కబురొస్తే వెళ్ళాను. ఆ నాటికి నా మోకాళ్ళు బాగా లేవు. అయినా బురదలో పడుకుని కిందికి దూరాను. ముందు కొయ్య నుంచి వెనక దాకా నూలు దారం పట్టించి చూశాను. వెనకంతా జానెడు కోశారు. నునుపుగా చిత్రిక పట్టారు. ఇనప పట్టీ వేశారు. ముందుకు వచ్చేసరికి, అమ్మవారి చోటుకి బారెడు ఇవతలే రంపం ఆగిపోయింది. అక్కడి నుంచి పాత దూలం పాత లోతులోనే ఉంది, దాని మీద తాజా పసుపు రాసి ఉంది. అంటే ముందు లోతు, వెనక తేలిక. కట్టినవాళ్ళు పెట్టిన వాటానికి పూర్తిగా తలకిందులు.

బయటికి వచ్చి అరిచాను. "ఇదేంటి మేస్త్రీ? నేను గీసిందేంటి, నువ్వు కోసిందేంటి?"

సూరన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. మంచి పనివాడే, కాదనను. చేతిలో పనుంది, నోట్లో ధైర్యం లేదు. "ఇసుక తగిలేది వెనకే కదండీ బాబూ. ముందుతో మనకి పనేంటండి? అక్కడ బంగారం ఉందండి. నేను రంపం పెట్టలేనండి."

"పెట్టద్దని నేనే చెప్పానండి" అన్నాడు గంగాధరం. "మా అమ్మ ముక్కుపుడకండి అది. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ పడవకి చిన్న దెబ్బ తగల్లేదండి. అదున్నంతకాలం ఏం కాదండి."

ఓనరు అంటే సరే. ఆఫీసరు అన్నా సరే. వాళ్ళు ఒడ్డున ఉంటారు. చుక్కాని పట్టుకునేవాడే నా మొహం మీద "ఏం కాదండి" అంటే నాకు కొట్టాలనిపించింది.

"ఏమయ్యా, గుంజకి కట్టేసిన గేదెని చూశావా?" అన్నాను. "మెడ కదలదు, వెనక కాళ్ళు చుట్టూ తిరుగుతాయి. నీ పడవకి ముందు గుంజ పాతేశారు. వెనక నుంచి గాలి వచ్చిందంటే తోక తిరిగి గాలికి అడ్డం పడుతుంది. తెరచాప దాన్ని నీళ్ళలోకి నొక్కేస్తుంది. కోస్తే అంతా కొయ్యండి, లేకపోతే అసలు కొయ్యకండి. ఇలాగైతే నేను తనిఖీ కాగితం మీద సంతకం పెట్టను."

"పూజ చేసిన చోటండి. దానికి నేను బాధ్యుణ్ణి కాలేనండి" అన్నాడు కామేశ్వరరావు గారు. పడవెక్కే మనుషులకి మాత్రం ఎవరు బాధ్యులో ఆయన చెప్పలేదు.

ట్రయల్

సాయంత్రానికే మా పెద్దాఫీసరు ఫోను. "కార్తీక పౌర్ణమికి బుకింగులు అయిపోయాయటండి. ద్రాక్షారామం దర్శనం చేసుకుని బస్సుల్లో వస్తారట, దీపాలు వదలడానికి. మీరేంటి ముక్కుపుడక గొడవ పెట్టుకున్నారట?"

గొడవ ముక్కుపుడకతో కాదు, దూలంతో అని చెప్పాను. ఆయనకి అర్థమైంది. అర్థం కాని మనిషి కాదు, మంచి చదువు చదివినవాడే. అర్థమయ్యీ, "ఒక ట్రయల్ చూసి పెట్టేయండి, ఏం కాదు" అన్నాడు. నేను రెండు షరతులు పెట్టాను. మనుషుల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి, వాటిని బల్లలకి నేనే తాళ్ళతో కట్టిస్తాను. ఇంజిన్ పడవతో లాగించడం కాదు, నిండు తెరచాప మీద నడపాలి. సరేనన్నాడు.

ట్రయల్ రోజున ఆయన, కామేశ్వరరావు గారు రేవు మీద గొడుగు కింద కుర్చీలు వేయించుకున్నారు. పడవలో నేను, గంగాధరం, ఒక కళాసీ. ముగ్గురమూ జాకెట్లు వేసుకున్నాం. మధ్యాహ్నం తిరగ్గానే సముద్రం వైపు నుంచి తూర్పు గాలి లేచింది. దిగువకి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, చాప ఎత్తకుండా గడలు వేసుకుంటూ మెల్లగానే వెళ్ళాం. పడవ తిప్పి, చాప ఎత్తి, గాలి వెనక పెట్టుకుని ఎగువకి బయల్దేరాక తెలిసింది. తోక ఆగడం లేదు. గంగాధరం చుక్కాని ఈ వైపు నొక్కితే ఆ వైపుకి, ఆ వైపు నొక్కితే ఈ వైపుకి పోతోంది. అతని మెడ నరాలు తేలాయి. నాకేసి చూశాడు. ఆ చూపులో ముక్కుపుడక లేదు, భయం ఉంది.

"చాప దించెయ్" అని అరిచాను. కళాసీ తాడు అందుకునేలోపే గాలి ఒక విసురు విసిరింది. ముందు భాగం నీళ్ళని కరుచుకుంది, వెనక భాగం గిర్రున తిరిగింది, పడవ గాలికి అడ్డం పడి ఒరిగిపోయింది. నేను కట్టించిన తాళ్ళు తెగలేదు. బస్తాలు బల్లల మీద అలాగే కూర్చుని నీళ్ళలోకి పోయాయి.

ఇసుక మేట పక్కనే ఉండబట్టి గుండెల లోతులో నిలబడగలిగాం. చుక్కాని కర్రకీ పడవ అంచుకీ మధ్య గంగాధరం కుడి చెయ్యి ఇరుక్కుంది. నేనూ కళాసీ కలిసి లాగాం. ముంజేతి ఎముక విరిగింది. అతను బోర్లాపడ్డ పడవ అడుగునే చూస్తున్నాడు. పైకి తేలిన దూలం మీద పసుపు ఎండలో మెరుస్తోంది.

నేను మాత్రం నీళ్ళలో బస్తాలు మునిగిన వైపు చూశాను. ముందు బల్ల మీద పిల్లలు కూర్చునేవాళ్ళు. వెనక పెద్దవాళ్ళు. ట్రయల్ లేకపోతే బస్తాల బదులు వాళ్ళుండేవాళ్ళు. రేవు మీద గొడుగు కింద నుంచి పెద్దాఫీసరు చేతులు ఊపుతూ, "అందరూ క్షేమమేనా?" అని అరుస్తున్నాడు. ఆ క్షణంలో నా నోటివెంట వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ఇప్పటికీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

నన్నెవరు అడిగారు?

పడవని లాగి మళ్ళీ దుంగల మీదికి ఎక్కించారు. మర్నాడు అందరం దాని చుట్టూ నిలబడ్డాం. కామేశ్వరరావు గారు ఇంజిన్ పెట్టి నడుపుతానన్నాడు, తెరచాప ఊరికే అలంకారానికి ఉంచుతాడట. సూరన్న ఆ చోట రంపం పెట్టనంటే పెట్టనన్నాడు. పంతులు గారిని పిలిచి శాంతి చేయిద్దామని ఒకరన్నారు. పెద్దాఫీసరు వాచీ చూసుకుంటున్నాడు. గంగాధరం చేతికి పిండికట్టుతో ఒక దుంగ మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడొచ్చింది నూకాలమ్మ. కొడుకుని వెతుక్కుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఎండుచేపల గంప మోసి మోసి మెడ ఒక పక్కకి ఒరిగింది. ఏం మాట్లాడుకుంటున్నారో కాసేపు నిలబడి వింది.

"ఏది కొయ్యాలండి?" అని నన్నడిగింది.

చూపించాను. ఎందుకు కొయ్యాలో రెండు ముక్కల్లో చెప్పాను.

"ఇంతకాలం నా పుడక గురించి ఇంతమంది మాట్లాడుకున్నారు. నన్నెవరు అడిగారండి?" అంది. కొడుకు వైపు తిరిగింది. "ఒరే, నేనది పెట్టింది మీ అయ్య మునక్కుండా ఇంటికి రావాలనిరా. నిన్ను ముంచడానికి పెట్టానా? దాన్ని కాపాడ్డానికి చెయ్యి విరగ్గొట్టుకుంటావా నువ్వు? మేస్త్రీ, తియ్యి. పాపమొస్తే నాకొస్తది."

సూరన్న ఉలి అందుకున్నాడు. అతుకు విప్పేసరికి నల్లబడిన పసుపు ముద్దలో నుంచి పుడక బయటపడింది. బియ్యపు గింజంత ఉంది. నూకాలమ్మ దాన్ని కొంగుకి తుడిచి, ముడేసుకుని, "ఇప్పుడు కొయ్యండి" అంది. ఆ పూట సూరన్న నా బొమ్మ ప్రకారం పిసరు తేడా లేకుండా కోశాడు. అంత బాగా కోయగలిగిన మనిషి ముందే ఎందుకు కోయలేదని నాకు అతని మీద మళ్ళీ కోపం వచ్చింది.

ఇనప పట్టీ ముందు దాకా సాగదీశారు. మళ్ళీ బస్తాలు, మళ్ళీ నిండు తెరచాప, అదే తూర్పు గాలి. వేరే సరంగుని తెప్పించారు. పడవ తిన్నగా పోయింది. ఈసారి నేను సంతకం పెట్టాను. పడవ సరిగ్గా ఉంటే పెట్టను అనడానికి నాకు హక్కు లేదు.

ఎవరో ఒకరి మీద రాయాలి

బోల్తా సంగతి మీద రిపోర్టు పెద్దాఫీసరే తయారు చేశాడు. నా టేబుల్ మీద పెట్టి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. కారణం: సరంగు అజాగ్రత్త.

ట్రయల్లో నేను అతని పక్కనే ఉన్నానన్నాను. చుక్కానిని ఎవరూ అంతకంటే బాగా పట్టలేరన్నాను. అడుగుదూలం తప్పు కోయడమే కారణమని, కోసినదాన్ని సరిచేశాక పడవ నడిచిందని, అంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాను.

ఆయన కోప్పడలేదు. ఓపిగ్గా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఎవరో ఒకరి మీద రాయాలి కదండీ. ఓనరు మీద రాస్తే పడవ ఆగిపోతుంది. మేస్త్రీ మీద రాద్దామంటే అతనికి లైసెన్సే లేదు, ఏం రద్దు చేస్తాం? గంగాధరానికి లైసెన్సు ఉంది. రద్దు చెయ్యడానికి వీలుంటుంది."

మళ్ళీ చదవండి. నేను కల్పించి రాయలేదు. లైసెన్సు తీసుకుని పద్ధతిగా పనిచేసేవాడు ఒక్కడే ఉన్నాడు కాబట్టి శిక్ష వాడికి. అడుగు కోయమని పురమాయించినవాడికి లేదు, కోసినవాడికి లేదు, "పెట్టేయండి" అని ఫోను చేసినవాడికి అసలే లేదు. గంగాధరం తప్పు ఉంది, అక్కడ రంపం పెట్టనివ్వకపోవడం తప్పే. దానికి అతని మొహం మీదే తిట్టాను. కానీ ఆ సంగతి రిపోర్టులో లేదు. అందులో ఉన్నది అతను చెయ్యని తప్పు.

నేను సంతకం పెట్టలేదు. విడిగా నా అభిప్రాయం రాసి పైకి పంపాను. పక్క సెక్షన్ నుంచి ఒకాయన వచ్చి, పడవని కంటితో చూడకుండానే సంతకం పెట్టాడు. ఆయన నవ్వుతూ పనిచేసే మనిషి. గంగాధరం లైసెన్సు రద్దయింది. నేను రాసిన దానికి ఈ రోజుదాకా జవాబు లేదు.

కార్తీక పౌర్ణమినాడు నేను రేవుకి వెళ్ళాను. పడవ నిండా జనం. అరటి దొప్పల్లో దీపాలు పట్టుకున్న ఆడవాళ్ళు, జాకెట్లు వేసుకున్న పిల్లలు. చుక్కాని దగ్గర కొత్త సరంగు. గాలి బాగానే ఉంది. తెరచాప నిండింది. పడవ ఎక్కడా తొణక్కుండా గీత గీసినట్టు ఎగువకి పోయింది. రేవు మీద కామేశ్వరరావు గారు ఎవరికో చెబుతున్నాడు, "పాత పడవ కదండీ, కొంచెం మాడిఫై చేయించాం" అని.

కాస్త ఎడంగా గంగాధరం, నూకాలమ్మ నిలబడి ఉన్నారు. అతని చేతికి కట్టు ఇంకా విప్పలేదు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. నూకాలమ్మ పడవ మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"తిన్నగానే పోతోంది కదండీ?"

"పోతోందమ్మా."

"ఏరు అదే. గాలి అదే. దూలం సరిగ్గా కోశాక తిన్నగా పోతోంది. మరి మా వాడి తప్పేంటండి?"

గంగాధరం ఎడం చేత్తో ఆమె భుజం పట్టుకుని, "ఊరుకోవే అమ్మా, సారు మనవైపే" అన్నాడు. ఆమె ఊరుకోలేదు. జవాబు కోసం నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది.

మీరు ఈ ఉద్యోగంలో చేరుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆమె ఇంకా తాళ్ళరేవు దిగువనే ఉంది. కొడుకు ఎవరిదో రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు. నా వల్ల కాలేదు. ఆ రిపోర్టు ఇప్పుడు మీ ఆఫీసులోనే ఉంటుంది. ముందు దాన్ని తిరగరాసి, వెళ్ళి ఆమెకి జవాబు చెప్పండి. ఆ తర్వాత నా దగ్గరికి అనుభవాలు అడగడానికి రండి.